నాపరాళ్ల వంకలో రెండు పిలుపులు

ముద్దనూరు నుంచి జమ్మలమడుగు పోయే దారిలో నాపరాళ్ల వంక అని ఒకటి ఉండేది. ఇప్పుడు దాని మీద వంతెన కట్టినారు. అప్పట్లో వంకలోకి దిగి, ఇసుకలో పడి నడిచి, అవతలి గట్టు ఎక్కాల్సిందే. పొద్దు గూకినాక ఆ పని ఎవరూ చేసేవాళ్లు కాదు. బండ్లవాళ్లు ఎద్దులను విప్పుకుని ఇవతలే పడుకునేవాళ్లు.

అక్కడ ఒక ఆడది ఉందని పేరు. కనబడదు. పిలుస్తుంది. అది కూడా — మన పేరు పెట్టి. వెనక్కి తిరిగినవాడు తెల్లారేసరికి రక్తం కక్కుకుని పడి ఉంటాడని చెప్పేవాళ్లు.

చెప్పేవాళ్లే... చూసినవాళ్లు ఎవరూ లేరు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు. తొండూరు దగ్గర చేన్లున్న ఆదినారాయణకు అప్పుడే పెళ్లయింది. భార్య తిరుపాలమ్మ పుట్టినూరు, మెట్టినూరు తప్ప మూడో ఊరు ఎరగదు. గండికోట కాడ పెన్నేరు కొండను చీల్చుకుని పారుతుందని ఎవరో చెప్పగా విని, చూడాలని అడిగింది. మొగుణ్ని ఆమె నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అదే.

ప్రొద్దుటూరులో ఖలందర్ అనే మెకానిక్ దగ్గర ఒక మోటారు సైకిలు ఉండేది. మిలిటరీవాళ్లు వేలం వేస్తే కొన్నది. దాన్ని బాడుగకు ఇచ్చేవాడు. ఆదినారాయణ మూడు దినాలకు తీసుకున్నాడు. దానికి వెనక సీటు లేదు, ఇనుప క్యారేజీయే. దాని మీద దుప్పటి నాలుగు మడతలు వేసి కట్టి, ఆమెను ఒక పక్కకు కూర్చోబెట్టుకున్నాడు. మొదటి దినం గండికోట చూసి రాత్రికి తొండూరు చేరడం, మరునాడు పులివెందుల, వేముల తిరగడం — అదీ వాళ్ల ఏర్పాటు.

పొద్దున ముద్దనూరు రైలుగేటు కాడ అఖ్తర్ బీ టీ అంగడిలో ఆగినారు. బండి చుట్టూ జనం మూగినారు. తిరుపాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది.

"నిన్ను గట్టిగ పట్టుకోమని చెప్పప్పా ఆ బిడ్డకు," అనింది అఖ్తర్ బీ. "సిగ్గుపడితే దావలోనే రాలిపోతాది."

అందరూ నవ్వినారు. అక్కడే కూర్చున్న, వంక పక్క గని కాపలావాడు మాత్రం నవ్వలేదు. పొద్దుండగానే వంక దాటి వచ్చేయమన్నాడు. చీకటి పడితే వంకలో మాట్లాడొద్దన్నాడు. తన చెవులతో తాను విన్నానని నెత్తిన చెయ్యి పెట్టుకుని ఒట్టు వేసినాడు.

"ఆడగొంతుతో పిలుస్తాదప్పా. యాడి మనిషివైనా సరే... నీ పేరు దానికి తెలుసు."

గండికోటలో తిరుపాలమ్మ బండ మీద కూర్చుని లేవనే లేదు. ఎర్రటి కొండల నడుమ, ఎక్కడో లోతున, తాడు పారేసినట్టు ఏరు. ఇంకొంచేపు, ఇంకొంచేపు అనింది. కాదనడానికి ఆదినారాయణకు మనసు రాలేదు. తిరిగి జమ్మలమడుగు దాటేసరికి పొద్దు గూకింది.

వంకలో జరిగింది తరువాత ఆదినారాయణ చెప్పగా విన్నదే.

గట్టు మీద బండి ఆపి, గుసగుసగా ఆమెతో అన్నాడంట — "మే, అవతల గట్టెక్కేదాకా నోరు తెరవద్దు. నన్ను తట్టొద్దు."

ఆమె తల ఊపింది. మొగుని భుజం మీంచి చెయ్యి తీసి, క్యారేజీ ఇనుము పట్టుకుంది.

బండి దిగింది. ఇసుక... రాళ్లు... ఇంజను రొద. లైటు మూరెడు దూరం కూడా పారడం లేదు. ఒక బండ తగిలి బండి ఎగిరి పడింది. ఆదినారాయణ పండ్లు బిగించి గట్టెక్కించినాడు. అప్పుడు —

"ఆదినారాయణా..."

ఆడగొంతు. వెనక నుంచి. దూరంగా.

మా పక్క ఆడవాళ్లు మొగుని పేరు పలకరు. జనాభా లెక్కలవాళ్లు అడిగినా పక్కింటామెతో చెప్పిస్తారు. అంటే అది తిరుపాలమ్మ కాదు. తిరుపాలమ్మ తాను చెప్పినట్టే మాట్లాడకుండా వెనక కూర్చుని ఉంది.

"ఆదినారాయణా..."

ఈసారి అందులో ఏడుపు ఉంది. అతను తిరగలేదు.

నాలుగు మైళ్లు అట్లే వచ్చి, అఖ్తర్ బీ అంగడి ముందు ఆపి, ఇంక దిగమన్నాడు. ఎవరూ దిగలేదు. అఖ్తర్ బీ లాంతరు ఎత్తి అతని వెనక్కి చూసింది.

"ఆ బిడ్డ యాడప్పా?"

దుప్పటి మడతలు చెదరలేదు. మనిషి లేదు.

అతను వెనక్కి పోవాలని బండి తిప్పినాడు. ఆ తిప్పడంలోనే బండితో సహా పడిపోయినాడు. అంగడిలో ఆరుగురు మగాళ్లు. పిలుపు సంగతి అతను చెప్పగా విని, పిలిచింది ఆమేనో, ఆమెను పట్టుకున్నదో ఎవరికి తెలుసని ఒకరు అన్నారు. ఎవరూ కదల్లేదు. అఖ్తర్ బీ ఒకతే లాంతరు తీసుకుని లేస్తే, అడ్డంపడి కూర్చోబెట్టినాం.

అవును, నేనూ ఉన్నాను.

ఆ వంకలో దెయ్యం లేదని ఆ ఆరుగురిలో ఒక్కడికి తెలుసు. వంక పక్కనే నాపరాళ్ల గని. పేర్చిన బండలను రాత్రిళ్లు ఎవరో బండ్లకు ఎత్తుకుపోతుంటే, దొంగలు రాకుండా కాపలావాడు ఒక ఆడదాన్ని పుట్టించి, దానికి గొంతు కూడా ఇచ్చినాడు; గనిని దానికి అప్పజెప్పి, తాను రాత్రిళ్లు అంగడిలో కూర్చునేవాడు. ఆ కాపలావాణ్ని నేనే. పొద్దున ఒట్టు వేసిందీ నేనే.

అంతా అబద్ధం, పోదాం పాండి — ఆ మాట నోటిదాకా వచ్చింది. అంతమంది ముందర వేసిన ఒట్టు అంతమంది ముందరే ఎట్లా మింగేది? నేను పట్టిన పట్టు వదిలే మనిషిని కాదు. గోడకు ఆనుకుని తెల్లవార్లూ కూర్చున్నాను.

తెల్లారినాక పోయినాం. తిరుపాలమ్మ గట్టు కింద ఉంది. బండి పోయిన జాడ వెంబడి ఇసుకలో పాకి, గట్టు ఎక్కలేక అక్కడే ఆగిపోయింది. ప్రాణం ఉంది. కుడికాలు విరిగింది. కట్టు కట్టించినా ఆ కాలు పొట్టిదైపోయింది. పులివెందుల, వేముల వాళ్లు చూడనే లేదు.

పదేళ్లకు, నిజం చెప్పేద్దామని తొండూరు పోయినాను. ఆదినారాయణ చేనికి పోయినాడంట. ఆమె కుంటుకుంటూ వచ్చి మజ్జిగ ఇచ్చింది. నేను నోరు తెరిచేలోపే తనే అనింది.

"తప్పు నాదేలే అన్నా. మొగుని పేరు ఎత్తినా. అందుకే కాలు పోయింది."

మళ్లీ గొంతు తగ్గించి అడిగింది.

"ఒకటి చెప్పన్నా. అది పిలిస్తే నువ్వు విన్యానంటివే... తెల్లారేదాకా నేను ఆడనే ఉంటి. ఎంత పిలిచినా నాకు ఎవురూ పలకలేదే."

మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి లేచినాను.

ఆ పొద్దు కూడా నేను పలకలేదు.