లేరమ్మా

మా పని పేరు వినడానికి గొప్పగా ఉంటుంది: వరద ముప్పు అంచనా. చేసేది మాత్రం ఇల్లిల్లూ తిరగడం, రోడ్డు మీంచి గడప ఎంత ఎత్తుందో టేపుతో కొలవడం, ఇంట్లో ఎంతమందో రాసుకోవడం. సాయంత్రానికి కాళ్ళు పీక్కుపోతాయి. ఆ జాబితా పడవల వాళ్ళకి వెళ్తుంది. వరదొస్తే జాబితాలో ఉన్న ఇంటి ముందే పడవ ఆగుతుంది, రాసినంతమందినే ఎక్కించుకుంటుంది.

ఏటిగట్టు కింద వీధిలో చివరి ఇంటికి తాళం వేసి ఉంది. తల్లీ కూతురూ ఉండే ఇల్లట. పక్కింటి దర్జీని అడిగాను. తలెత్తకుండా, మిషను తొక్కుతూనే, "వాళ్ళు లేరమ్మా" అన్నాడు.

అయ్యో పాపం అన్నాను. నా వంక వింతగా చూశాడు. అప్పుడైనా నా బుర్ర వెలగాలి కదా! వెలగలేదు. పోయారనుకుని ఆ ఇంటినే జాబితాలోంచి కొట్టేశాను. ఊరెళ్ళారని ఆయన ఉద్దేశం. మర్నాడే తిరిగొచ్చారు. నాలుగోనాడు ఏరు పొంగింది. పడవ ఆ గుమ్మం ముందు నుంచే ఆగకుండా పోయింది. తల్లినీ కూతుర్నీ శవాలుగా బయటికి తీశారు. ఇంకొక్క మాట అడిగి ఉంటే నా సొమ్మేం పోయేది?

వరద తగ్గాక, గోడల మీద నీటి చార ఎంత ఎత్తుందో కొలవమని మళ్ళీ నన్నే పంపారు. మిట్టమధ్యాహ్నం. అయినా ఆ ఇంట్లో చీకటే. బురద కంపు, నాని కుళ్ళిన బట్టల వాసన. చార నా తలకి జానెడు పైన ఉంది. టేపు ఆనించాను. లోపలి గదిలో ఎవరో నీళ్ళలో నడుస్తున్న చప్పుడు... నేలేమో పొడిగా ఉంది. ఆగింది. మళ్ళీ...

"ఎవరమ్మా?" గుసగుసగా వినిపించింది.

నా నోరు అలవాటున పలికేసింది. "సర్వే అండీ. ఎంతమంది?"

"లేరని రాశావుగా..." ఆడగొంతు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "మీ ఇంట్లో ఎంతమంది?"

"ము... ముగ్గురం."

"ఇద్దరే."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మా ఆయనా? పిల్లా? పరుగో పరుగు. చెప్పులెక్కడ జారిపోయాయో తెలీదు. ఇంటికొచ్చి చూస్తే ఇద్దరూ ఉన్నారు. ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. పిల్ల నేల మీద బోర్లా పడుకుని బొమ్మలు గీస్తోంది. దాన్ని వాటేసుకుని భోరుమన్నాను. ఊపిరాడట్లేదమ్మా అని విదిలించుకుంది. ఆ మాటకే నా కడుపు నిండిపోయింది.

వారం తర్వాత మా వీధికి సర్వే వచ్చింది. కొత్తగా చేరిన అమ్మాయి. మంచినీళ్ళిచ్చాను, తాగింది. ఎంతమందని మా ఆయన్ని అడిగింది.

"ఇద్దరమండీ" అన్నాడు.

పరాచికం అనుకుని నవ్వాను. ఆ అమ్మాయి రాసేసుకుని వెళ్ళిపోయింది. ఇద్దరమేమిటని నిలదీశాను. ఇంకెవరున్నారని నన్నే అడిగాడు, నా చేతిలోని గ్లాసు అందుకుంటూ. ఆఫీసుకి పరుగెత్తి, జాబితాలో నా చేత్తోనే మూడని దిద్దాను. తెల్లారి చూస్తే రెండు. మళ్ళీ దిద్దాను... రెండు.

నెల తిరక్కుండా ఏరు మళ్ళీ పొంగింది. సాయంత్రం పడవ మా గుమ్మానికి ఆనింది. పడవవాడు కాగితం చూసుకుని, ఇద్దరూ సరిపోయారంటూ తండ్రినీ కూతుర్నీ ఎక్కించాడు. నేను కాలు పెట్టబోతే గెడ అడ్డం పెట్టాడు. పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. మా ఆయన నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాడు.

"పాప భయపడుతోంది... వదలండి."

పదేళ్ళ కాపురంలో ఏనాడూ నన్ను 'అండీ' అనలేదు ఆ మనిషి.

నీళ్ళు నా నడుం దాకా వచ్చాయి. పడవ కదిలింది. పిల్ల నా భుజం మీదుగా ఇంట్లోకి చూస్తూ, మెల్లగా అంది.

"ఆంటీ... లోపల్నుంచి మిమ్మల్నెవరో పిలుస్తున్నారు."