వేటకుక్కకి ఎర్రచేప

డ్రైవరు స్టీరింగు మీద వాలి చచ్చి ఉన్నాడు. వెనక సీట్లో ఉండాల్సిన క్షిపణి ఇంజనీరు జగన్నాధం లేడు. అతని చెప్పులు మాత్రం ఉన్నాయి.

"సముద్రం పోటు తగ్గేలోపు ముఠావాళ్ళు అతన్ని పడవెక్కించేస్తారు. దాటించారా, ఇక మనకి శవం కూడా దొరకదు," అన్నాడు చీఫ్ నరసింగరావు.

చెప్పుల వాసన పట్టిన పోలీసుకుక్క రాణి ఉప్పుమడుల పక్కన తిన్నగా పరుగెత్తి, కూడలిలో తటాలున ఎడమకి తిరిగింది. అక్కడ ఎండుచేపల లారీ. కుక్క మొరుగుడే మొరుగుడు. టీమంతా బస్తాల మీద పడింది. ఏజెంట్ దేవేంద్రకి మాత్రం మనసు కీడు శంకించింది.

అప్పుడే అతని ఫోన్లోకి సుహాసిని వీడియో వచ్చింది: ఇడియమ్ ఆఫ్ ది డే.

అరసవల్లిలో స్పోకెన్ ఇంగ్లీషు నేర్పే ఆ అందగత్తె విదేశీ ముఠా గూఢచారి. రహస్యంగా దేవేంద్ర మనిషి. ఆమె చెప్పే ఇడియమ్ అర్థం ముఠాకి సంకేతం. ఆ మాట పుట్టుక గురించి చెప్పే కథ దేవేంద్రకి కబురు.

"రెడ్ హెర్రింగ్ అంటే తప్పుదోవ పట్టించేది," అంటోంది సుహాసిని నవ్వుతూ. "పొగబెట్టిన ఎర్రచేపని దారికడ్డంగా ఈడిస్తే, వేటకుక్కలు కుందేలుని వదిలేసి ఆ కంపు వెంట పడేవట. తెలివైన వేటగాడు కుక్క దారి తప్పిన చోటికే వెనక్కి వెళ్తాడు."

దేవేంద్ర ఫోన్ జేబులో పెట్టేశాడు. ఇంత విడమరిచి ఆమె ఎన్నడూ చెప్పలేదు. ముఠా చెవుల్లో దూది పెట్టుకుందా? ఓసి పిచ్చిదానా, చంపేస్తారే నిన్ను!

"సార్, అరసవల్లికి మనుషుల్ని పంపండి, అర్జంటు!" అని చీఫ్‌కి చెప్పి, కుక్కని పట్టుకున్న వినోద్ వైపు తిరిగాడు. "ఒరే, దాన్ని కూడలికి లాక్కురా!"

"ఏటి బావా, ఇక్కడే కదా మొరుగుతున్నాది!"

"సేప కోసం మొరుగుతున్నాదిరా, మనిషి కోసం కాదు. పద!"

కూడలి దాటి తిన్నగా పోతే మూతబడ్డ ఐస్ ఫ్యాక్టరీ, దాని వెనక ఏరు. పడవ ఇంజను అప్పుడే అందుకుంది. కాళ్ళూ చేతులూ కట్టేసిన జగన్నాధాన్ని ఇద్దరు లోపలికి ఎత్తుతున్నారు. దేవేంద్ర తుపాకీ రెండుసార్లు పేలింది. ఒకడు నీళ్ళలో పడ్డాడు, ఇంజను ఆగింది. రెండోవాడు జగన్నాధం గొంతు మీద కత్తి పెట్టేసరికి రాణి వాడి ముంజేతిని కరిచి పట్టుకుంది.

జగన్నాధం బతికాడు. అరసవల్లి వెళ్ళినవాళ్ళకి సుహాసిని క్లాసులో బోర్డు కింద శవమై దొరికింది, గొంతుకి చున్నీ బిగించి ఉంది. ఆమెని క్షేమంగా బయటికి తెస్తానని మాటిచ్చినవాడు దేవేంద్ర. ఆ కబురు తట్టుకోలేక ఏటిగట్టు మీదే కూలబడి ఏడ్చాడు.

నరసింగరావు వచ్చి భుజం మీద చెయ్యేశాడు. "మన మనిషని బయటపడకూడదు. రికార్డులో గుండెపోటు అని రాయిస్తాను."

"రాయించండి సార్," అన్నాడు దేవేంద్ర ముఖం తుడుచుకుని. "సచ్చిపోయిందంటే అర్థం అందరికీ తెలుస్తాది. దాని ఎనక కథ ఎవడడుగుతాడు?"