తిరగేసిన కోటు

ఆ ఆదివారం మా అమ్మాయి సుధామయి మమ్మల్ని పాతకాలపు పల్లె చూడ్డానికి తీసుకెళ్ళకపోతే ఈ కథే లేదు. కెనడాలో మేముండే బ్రాంప్టన్ దాటి కాసేపు కారులో పోతే వస్తుంది. నూట యాభై ఏళ్ళ కిందట ఇక్కడి రైతులు ఎలా బతికారో చూపించడానికి కమ్మరి కొట్టూ, పిండిమరా, దర్జీ ఇల్లూ అన్నీ ఒక్కచోట పెట్టారు.

మృదుల మా బేస్‌మెంట్‌లో అద్దెకున్న పిల్ల. రాజమండ్రి నుంచి చదువుకని వచ్చింది. చదువు సగం, వేర్‌హౌస్‌లో డబ్బాలు మొయ్యడం సగం. ఆ పిల్ల నవ్వి ఎన్నాళ్ళయిందోనని నేనే బలవంతాన లాక్కెళ్ళాను.

దర్జీ ఇంట్లో, కిటికీ పక్కన బల్ల మీద ఒక మనిషి బాసింపట్టు వేసుకుని, ఒళ్ళో గుడ్డతో, కదలకుండా కూర్చుని ఉన్నాడు.

"అమ్మమ్మగారూ, ఈ బొమ్మ చూడండి! ముక్కు కాస్త పెద్దదయింది గానీ, భలే చేశారు," అంది మృదుల నాతో.

"ముక్కు మా నాయనదండి," అంది బొమ్మ, దారం కొరుకుతూ.

మృదుల కెవ్వుమంది. తర్వాత నవ్వింది చూడండీ, గోడ పట్టుకుని మరీ నవ్వింది.

ఆ బొమ్మ పేరు కిరీటి, ఊరు జనగామ. తండ్రి అంజయ్య అక్కడ టైలరు. స్టూడెంట్‌గా వచ్చి, సూది పట్టడం తెలుసు కాబట్టి ఇక్కడ వేషం కట్టి కుట్టే పార్ట్‌టైమ్ పని సంపాదించాడు. ఒకే గదిలో ఆరుగురితో ఇరుక్కుని పడుకుంటున్నానంటే, మా బేస్‌మెంట్‌లో సామాన్ల గది ఖాళీ చేయించి ఇచ్చాను.

ఆ శరత్కాలమంతా వానే. ఇద్దరూ ఒకే గొడుగులో బస్‌స్టాప్‌కి పోయేవారు. సాయంత్రం నా వంటింట్లో కబుర్లు.

"ఆ రోజుల్ల దర్జీ ఊరూరా తిరిగేటోడు అమ్మమ్మా. చలికి ముందు ఒక రైతు ఇంట్ల దిగితే, ఇంటిల్లిపాదికీ కుట్టేదాకా అక్కడే తిండి, అక్కడే పడక. పని అయినంకనే ఇంకో ఇల్లు."

"పెళ్ళీడు కూతురున్న ఇంట్లో ఆ పని ఎన్నాళ్ళు సాగేదో!" అంది మృదుల.

"సూది మొండిదైతే బాగనే సాగుతుండెనేమో అండి."

నవంబరులో కిరీటి వర్క్ పర్మిట్ రిజెక్ట్ అయింది. చదివిన కోర్సుకి పర్మిట్ ఇవ్వరట. ఫీజులు కట్టించుకున్నప్పుడు ఒక్కరూ చెప్పలేదు. ఇక తిరిగి పోవడమే.

"మృదులకు చెప్పకు అమ్మమ్మా. అసలే అలిసిపోయి వస్తది," అన్నాడు. ఆగి, "నీ దగ్గర పాత కోటేమన్న ఉందా? ఆ పలచని జాకెట్‌తోని మంచులో ఎట్ల పోతది?" అన్నాడు.

నా ఉన్ని కోటు తీసిచ్చాను. భుజాల మీద వెలిసిపోయి బూడిద రంగుకి తిరిగింది. అతను కుట్లన్నీ విప్పి, గుడ్డను తిరగేసి, వెలవని లోపలి ముఖం బయటికి పెట్టి మళ్ళీ కుట్టాడు. ఆ పల్లె దర్జీలు అలాగే చేసేవారట. ముదురాకుపచ్చ రంగు, కొత్తదానిలా మెరిసింది.

మృదుల కోటు తొడుక్కుని మురిసిపోయింది. గుండీ పెట్టుకోబోయిన చెయ్యి ఆగిపోయింది.

"గుండీలు కుడివైపున్నాయి. ఇది మగవాళ్ళ కోటు. ఎవరిదండీ?"

"పాతదే," అన్నాడు కిరీటి. నాదని చెబితే చిన్నబుచ్చుకుంటుందని ఊరుకున్నాడు, పిచ్చివాడు.

"ఎవడో విడిచింది నాకు తొడిగారా? మొన్న ఫుడ్ బ్యాంక్‌లో ఉచిత సరుకుల లైన్‌లో చూశారు కదూ నన్ను? అందుకా ఈ జాలి?"

కోటు తీసి వాషింగ్ మెషీన్ మీద పడేసి వెళ్ళిపోయింది. ఆ తర్వాత గొడుగు ఒకరికే సరిపోయింది.

అతను బయల్దేరే రోజు పొద్దున ఇక నా నోరు ఆగలేదు. కోటు లైనింగ్ అంచు ఎత్తి వెలిసిన ముఖం చూపించాను.

"ఇది నాదే తల్లీ. గుడ్డను తిరగేస్తే కుడి ఎడమవుతుంది. గుండీలు ఎక్కడికి పోతాయి? దానితోపాటే అవీను. కుట్టినవాడు ఇంకో గంటలో వెళ్ళిపోతున్నాడు."

"ఎక్కడికి?"

"ఇంటికే. పర్మిట్ రాలేదు."

ఆ పిల్ల మొహం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. కోటు తొడుక్కుని గుమ్మంలోకి పరిగెత్తింది. కిరీటి సూట్‌కేసు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"పని కాకుండా దర్జీ ఇల్లు విడిచి పోకూడదు కదా?"

"పని అయిపోయిందండి."

"మరి లోపల కుట్ల పక్కన ఇంత గుడ్డ వదిలారేం?"

"మీరు జరంత ఒళ్ళు చేస్తే విప్పి వదులు చేసుకోవడానికి."

"ఎవరు విప్పుతారు?"

"ఏ టైలరైనా..."

"ఇంకెవరినీ చెయ్యి వెయ్యనివ్వను."

అతను నేలచూపులు చూశాడు. "అయితే నేనే రావాలె."

"రా. నిన్ను రానివ్వకపోతే కోటు పట్టుకుని నేనే జనగామ వస్తాను."

"జనగామల ఉన్ని కోటెందుకు మృదులా?"

"కుట్లు విప్పించుకోడానికి," అంది, ఏడుస్తూనే.

టాక్సీ వెళ్ళిపోయింది. షిఫ్ట్ మానితే ఉద్యోగం పోతుంది కాబట్టి ఆ పిల్లా బయల్దేరింది. గుండీలు పెట్టుకోబోతే చెయ్యి అలవాటు కొద్దీ తప్పు వైపుకే పోతోంది. నేను గుండీ పెట్టబోతే వద్దంది.

"అలవాటు చేసుకోవాలి కదా అమ్మమ్మగారూ."

చివరి గుండీ దాకా తనే పెట్టుకుని వానలోకి వెళ్ళింది. గాలికి ఆ కోటు బక్క ఒంటి చుట్టూ వదులుగా ఊగింది.

నేను వంటింట్లోకి వచ్చి ఆ పూట బియ్యం ఓ గ్లాసు ఎక్కువే పోశాను. నెయ్యి డబ్బా కిందికి దించాను. ఆ కోటు త్వరగా బిగుతవ్వాలి మరి.