సంచికి చేరని ఊపిరి

ఆర్.ఎస్. పురంలో డిటెక్టివ్ కృష్ణరాజ్ ఆఫీసుకు వచ్చీ రాగానే సెల్లమ్మాళ్ నేలమీద కూలబడి, పసుపు పూసిన చేతులతో తల బాదుకుంది.

"సామీ, మా కోడలి పనికి వేటు పెట్టినారు! పందెంలో లారీ ఎక్కి వచ్చినాదంట! రేపటికి రుజువు చూపకుంటే మిల్లులోనుంచి తీసేస్తారంట. ఎవడో పాపి టెస్టులో మోసం చేసినాడు. వాణ్ణి పట్టియ్యండి!"

కోడలు వాసుకి నూలు చుట్టే సెక్షన్‌లో టెంపరరీ. మిల్లుల పందెంలో పది కిలోమీటర్లు నలభై ఒక్క నిమిషాల్లో పరుగెత్తి మొదట వచ్చింది. గెలిస్తే ఉద్యోగం పర్మనెంటు. అయితే వారం ముందే కాలేజీ ల్యాబులో డాక్టర్ చెన్నకేశవన్ ఆమెను ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి, ముక్కు మూసి, నోట్లో గొట్టం పెట్టి, వదిలిన ఊపిరిని సంచిలో పట్టి లెక్క కట్టాడు. యాభై ఐదు నిమిషాలు పడుతుందని రాసిచ్చాడు. కాళ్లు ఒకటి చెప్పి కాగితం ఇంకొకటి చెబితే పెద్దలు నమ్మేది దేన్ని? కాగితాన్నే!

"లారీవాణ్ణి వెతుకుదామా సార్?" అన్నాడు అసిస్టెంటు సుందరమూర్తి.

"ముందు ఊపిరిని వెతుకుదాం."

ల్యాబులో డాక్టర్ విసుక్కున్నాడు. "నా లెక్క తప్పదు."

"పరుగు చివర ఆమె గుండె ఎంత కొట్టుకుంది?"

"నిమిషానికి నూట తొంభై ఆరు. దిగగానే పడిపోయింది."

"సంచి నిండిందా?"

"సగం కూడా లేదు."

"ప్రాణం పోయేలా పరుగెత్తిన మనిషికి సగం సంచేనా?"

కృష్ణరాజ్ ముక్కు మూసే క్లిప్పు అడిగి తీసుకున్నాడు. దాని రబ్బరుకు పసుపంటిన దూది పోగు ఒకటి అతుక్కుని ఉంది.

"ఆరోజు గదిలో ఎవరున్నారు?"

"నేను, ఆ అమ్మాయి, తోడొచ్చిన అత్తగారు."

డాక్టరే దొంగ అని సుందరమూర్తి తేల్చేసుకున్నాడు.

మర్నాడు మిల్లు మేనేజరుతో సహా అందరూ ల్యాబులో చేరారు.

"మోసం లేదు, పొరపాటు ఉంది," అన్నాడు కృష్ణరాజ్. "ఆ క్లిప్పు పెట్టిందెవరు డాక్టర్?"

"పరాయి ఆడపిల్ల ముక్కు ముట్టుకోకూడదని అత్తగారికే ఇచ్చాను."

"దానికి దూది పెట్టింది మీరే కదమ్మా?"

సుందరమూర్తి నోరు తెరిచేశాడు.

"నేనా?" అంది సెల్లమ్మాళ్. "క్లిప్పు నొక్కితే దాని మూక్కుత్తి గుచ్చినాది సామీ. మొగుడు బతికుండగా ముక్కుపుడక తీస్తామా? నొప్పి కాకుండా రవ్వంత మిల్లు దూది పెడితిని..."

"ఆ దూది సందులోంచి సగం ఊపిరి ముక్కు దాటి పోయింది. సంచికి చేరిందే లెక్కకు వచ్చింది."

"అయ్యో కడవుళే, దేవుడా! నా చేత్తో నేనే దాని బతుకు ఆర్పితినా!"

"పుడక తీసి మళ్లీ పరుగెత్తనీ. అప్పుడు నమ్ముతాను," అన్నాడు మేనేజరు.

వాసుకి అత్త వైపు చూసింది. "ఇంత బంగారంలోనా నా కొడుకు ఆయుసు ఉండేది? దా," అంటూ సెల్లమ్మాళే పుడక మర విప్పింది.

ఈసారి సంచి ఉబ్బిపోయింది. డాక్టర్ లెక్క రెండుసార్లు వేశాడు. నలభై ఒకటిన్నర నిమిషాలు! ఆ లెక్క చూసి మేనేజరు పర్మనెంటు ఆర్డరు మీద సంతకం పెట్టాడు.

కోడల్ని ముట్టుకోవడానికి భయపడి సెల్లమ్మాళ్ గోడకు అంటుకుపోయింది. రొప్పుతూనే వాసుకి వెళ్లి ఆమె చేతులు పట్టుకుంది.

"నాకు నొప్పి కాకూడదనే కదా అత్తా చేసినావు," అంది.