యజమానిని పట్టిచ్చే యంత్రం

యంత్రం మీద పచ్చదీపం వెలగగానే బోర్డు గదిలో అందరూ సర్దుకుని కూర్చున్నారు. దాని పేరు ట్రేసర్. చేసే పని తేలికే. కంపెనీ షేర్లు ఫండ్ల చేతిలో ఉంటాయి, ఆ ఫండ్లలో ఇంకెవరివో పొదుపులు ఉంటాయి. ట్రేసర్ ఆ పొరలన్నీ ఒలిచి చిట్టచివరి మనిషిని పట్టుకుంటుంది. ఆ మనిషి రాతపూర్వకంగా ఏం కోరాడో చదివి, అలాగే ఓటు వేస్తుంది. లాభం ఒకరికి, నింద గాలికి పోయే రోజులకు ఇక కాలం చెల్లిందని దాన్ని తయారుచేసిన డాక్టర్ తారకేశ్వరి నమ్మింది. పాపం, నిజంగానే నమ్మింది.

ఆనాటి తీర్మానం ఒక్కటే. కెమికల్ ఫ్యాక్టరీ వదిలే నీళ్లను శుభ్రం చేసే ప్లాంటు కట్టాలా, వద్దా? పక్కనున్న మత్స్యకారుల ఊరి నుంచి మైలపల్లి పోలమ్మ వచ్చి కూర్చుంది. ఫ్యాక్టరీ నీళ్లు ఇంకిన ఊరి బోరునీళ్లు తాగి ఆమె మనవరాలి కిడ్నీలు దెబ్బతిన్నాయి. అవే నీళ్లు ఇంకో ఏడాది తాగితే పిల్ల దక్కదన్నారు. వేరే నీళ్లు ఆ ఊళ్లో లేవు.

"సగానికి పైగా షేర్లు ఈ తీరంలోని పొదుపు సంఘాలవే పోలమ్మగారూ. మీరే యజమానులు," అంది తారకేశ్వరి.

"నిజమేటమ్మా? అయితే మావు సెప్తే ప్లాంటు కట్టెత్తారా?"

"కట్టి తీరాలి."

యంత్రం ఓటు చెప్పింది. వద్దు.

తారకేశ్వరి కంగారుగా రికార్డులు తెరిచింది. నెలనెలా చేపల గంపలు దింపి మీటింగుకు రావడం కుదరదు గనక, పోలమ్మ సంఘంలో ఆడవాళ్లంతా ఏడాది మొదట్లోనే తీర్మానాల పుస్తకంలో ఖాళీ పేజీల కింద సంతకాలు పెట్టేస్తారు. పైన రాసుకునేది వాళ్ల పొదుపును షేర్లలో పెట్టే ఫండ్ ఏజెంటు. ప్రతి పేజీలోనూ అతను ఒకటే రాశాడు. మాకు ఎక్కువ లాభం తప్ప మరేదీ అక్కర్లేదు.

"నాను ఆ మాట సెప్పనేదమ్మా! ఇప్పుడు సెప్తన్నాను, ప్లాంటు కావాల. దానికి సెప్పు తల్లీ!"

"అది నోటిమాట వినదు. మేనేజర్లు నోటిమాటలతో మోసం చేస్తారని నేనే అలా చేశాను," అంది తారకేశ్వరి. సిగ్గుతో ఆమె తల ఎత్తలేకపోయింది.

చైర్మన్ లేచి పోలమ్మకు ఎంతో మర్యాదగా నమస్కారం పెట్టాడు. "యజమానుల మాట మేం కాదనలేం కదమ్మా."

వానాకాలంలో పిల్ల పోయింది. పోలమ్మ కంపెనీ మీద కోర్టులో కేసు వేసింది. బాధ్యులెవరో తేల్చమని కోర్టు ట్రేసర్‌నే అడిగింది, అది వారంలో తేల్చేసింది. నోటీసు పోలమ్మ ఇంటికే వచ్చింది. పిల్ల చావుకు కారణమైన కంపెనీ యజమానిగా ఆమె పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇచ్చుకోవాలి.