మాస్టారి చెట్టు

పొద్దున్నే జావ గిన్నెలు కడిగి బోర్లించి, లాన్‌యింగ్ నీలం రంగు డబ్బా తెరిచింది. చైనాలోని షెంజెన్ నగర శివార్లలో ఉన్న ఆ చిత్రకారుల వాడలో ఒక్కో ఇంటిదీ ఒక్కో బొమ్మ. వీళ్లది ఎప్పుడో ఓ డచ్చి చిత్రకారుడు వేసిన ఏటి ఒడ్డు. దానికి నూనె రంగుల్లో నకళ్లు తీసి అమ్ముతారు. ఇరవై రెండేళ్లుగా పైనున్న ఆకాశం లాన్‌యింగ్ పని, కిందున్న చెట్లూ నీళ్లూ ఆవులూ భర్త దెషున్ పని. వీధిలో అందరూ అతన్ని మాస్టారంటారు. ఆమెను మాస్టారి పెళ్లాం అంటారు.

ఈ మధ్య ఆమెకో కోరిక పట్టుకుంది. ఒక్క బొమ్మ పైనుంచి కిందిదాకా తనే వెయ్యాలి. మూడుసార్లు మొదలుపెట్టింది కూడా. ఆకాశం అంచు దిగేసరికి చెయ్యి దానంతటదే కాన్వాసు తీసి, కింది సగం భర్త వెయ్యడానికి తాడుకు ఆరవేసేది. తన చెయ్యి మీద తనకే అసహ్యం వేసింది.

"నాకు చెట్టు నేర్పు," అంది ఆ పూట.

దెషున్ తలెత్తలేదు. "నీకెందుకు చెట్టు? శుక్రవారానికి నలభై ఆకాశాలు కావాలి. పని చూసుకో."

"ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాగా."

"ఈ వయసులో నువ్వూ మాస్టారివవుతావా ఏం? వాడంతా నవ్విపోతారు!"

టీ తెచ్చిన కూతురు యున్‌హే తండ్రినే వెనకేసుకొచ్చింది. "పోనిద్దూ అమ్మా. ఆకాశమైతే సులువు, హాయిగా వేసుకోక!"

సులువట! కన్నకూతురి నోట ఆ మాట వినేసరికి లాన్‌యింగ్ ఒళ్లు మండిపోయింది. బ్రష్షు తుడిచి పక్కన పడేసింది.

"అయితే మీరే వేసుకోండి."

రెండు రోజులు రంగు ముట్టలేదు. మూడోనాడు గత్యంతరం లేక దెషున్ తనే మొదలుపెట్టాడు. మబ్బులు కలిపేకొద్దీ ఆకాశం బురదగోడలా తయారైంది. నాలుగు కాన్వాసులు పాడయ్యాయి. ఎదురుగా కూర్చుని బెండకాయలు తరుగుతున్న లాన్‌యింగ్ మాట సాయమైనా చెయ్యలేదు. లోలోపల సంబరపడింది కూడా.

చివరికతను లేచి తన చోటు ఖాళీ చేశాడు. "రా, కూర్చో. నేర్పుతాను."

ముందు ముదురు రంగుతో మాను, తర్వాత కొమ్మలు, ఆపైన బ్రష్షు మొనతో ఆకులు. మధ్యాహ్నానికి ఆమె చేతికింద అచ్చంగా మాస్టారి చెట్టు లేచింది. లాన్‌యింగ్ కళ్లు తుడుచుకుని కిటికీలోంచి వీధిలోని లీచీ చెట్టు చూపించింది.

"మరి దాన్నెలా వెయ్యాలి?"

దెషున్ దానికేసి చూసి గీశాడు. ఏటి ఒడ్డు చెట్టే వచ్చింది. చెరిపి మళ్లీ గీశాడు. మళ్లీ అదే. బ్రష్షు కింద పెట్టేశాడు.

"నాకిదొక్కటే వచ్చు," అన్నాడు. "పదహారేళ్లప్పుడు మా గురువు ఇదొక్కటే నేర్పాడు. ఇంకో చెట్టు వెయ్యమని ఎవరైనా అడుగుతారేమోనని ఇన్నేళ్లూ హడలి చచ్చాను."

"మరి నన్నెందుకు తొక్కిపెట్టావు?"

"ఇది కూడా నీకొచ్చేస్తే, ఇక ఈ ఇంట్లో నేనెందుకు?"

ఈ మనిషి ముందా తను ఇన్నేళ్లు తల వంచుకుంది! లాన్‌యింగ్‌కు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. పోయిన ఏళ్లు ఎవరిస్తారు? దెషున్ కూడా పిల్లాడిలా ఏడుస్తున్నాడు.

"నన్ను క్షమిస్తావా?"

"ఇప్పుడే కాదు," అంది. స్టూలు కిటికీ దగ్గరికి లాక్కుని, లీచీ చెట్టుకేసి చూస్తూ, పక్కన అతనికీ కాస్త చోటు వదిలింది.