కారణం రాయని కార్డు

ఉదయం ఏడున్నరకి ఆ ఇంట్లో మూడు పనులు ఒకేసారి జరుగుతాయి. టీచరమ్మ మనవరాలికి జడలు వేస్తుంది. కోడలు టీచరమ్మ సంచీ సర్దుతుంది. కొడుకు రెండో మేజోడు కోసం ఇల్లంతా వెతుకుతాడు. ఆ రోజూ అంతే. మనవరాలు నోరు ఆపకుండా కబుర్లు చెబుతోంది. మాటలు వచ్చిన దగ్గర్నుంచీ అదే తంతు కాబట్టి దానికి పిట్ట అని పేరు పడిపోయింది.

"నానమ్మా, మూడో తరగతిలో కిటికీ పక్కన నేనే కూర్చుంటా. మా బెంచీలో అందరికీ చెప్పేశాను."

"తల కదపకు," అంది టీచరమ్మ.

ఒక జడ పూర్తయింది. రెండోది పాయలు తీస్తుండగా వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆ చప్పుడు ఆగగానే టీచరమ్మకి గుర్తొచ్చింది. కార్డు సంచీలోనే ఉంది. నిన్న బడి నుంచి రాగానే తీసి దాచాలనుకుంది, మరిచిపోయింది. చేతిలో రిబ్బను జారిపోయింది.

కోడలు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఒక చేతిలో టిఫిన్ డబ్బా, ఇంకో చేతిలో నీలం కార్డు. కార్డు మూల పిట్ట ఫోటో నవ్వుతోంది.

"ఇదేమిటత్తయ్యా?"

"పిట్టా, వెళ్ళి మొక్కలకి నీళ్ళు పోసిరా," అంది టీచరమ్మ.

"రెండో జడో?"

"వచ్చాక వేస్తాను. వెళ్ళు."

పిల్ల సగం విరబోసుకున్న జుట్టుతో పెరట్లోకి పరుగెత్తింది.

ఆ ఏడాది బడికి కొత్త సిలబస్ వచ్చింది. దానితో పాటే ఈ కార్డులూ వచ్చాయి. ఏడాది చివర రెండో తరగతి పిల్లలందరి చేతా వాళ్ళు ఎప్పుడూ చూడని కథ ఒకటి చదివించాలి. చదివినవాళ్ళకి తెల్ల కార్డు, వాళ్ళు మూడో తరగతి మామూలు సెక్షన్లలోకి వెళతారు. చదవలేనివాళ్ళకి నీలం కార్డు, వాళ్ళది పునాది సెక్షన్. ఎవరి పిల్లలు వాళ్ళకి ముత్యాల్లాగే కనిపిస్తారు కనుక ఒక టీచరు పిల్లల్ని ఇంకో టీచరు పరీక్షించాలని నియమం. బడిలో రెండో తరగతికి ఉన్నది ఇద్దరే టీచర్లు. పిట్ట రెండో టీచరు దగ్గర చదువుతోంది. అలా సొంత మనవరాలు టీచరమ్మ బల్ల ముందుకు వచ్చి కూర్చుంది. కావాలంటే తనే చదివించి చూస్తానని హెడ్మిస్ట్రెస్ అంది. అక్కర్లేదు, నేనే చూస్తానని టీచరమ్మ ధీమాగా చెప్పింది.

"అడుగుతుంటే పలకరేం?" అంది కోడలు.

"కార్డు."

"కార్డని నాకూ తెలుసు. ఏడో తరగతి దాకా నేనూ వెలగబెట్టాను. బట్టలు కుట్టించుకోడానికి వచ్చే తల్లులంతా నెల్లాళ్ళుగా ఈ కార్డుల గురించే చెప్పుకుంటున్నారు. ఆ సెక్షన్‌ని మొద్దుల గది అంటున్నారు."

"అలా అనకూడదు. పదిహేనుమంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. ఇంతకంటే శ్రద్ధ ఎక్కడ దొరుకుతుంది?"

"అంత బాగుంటే అందరూ తెల్ల కార్డు కోసం ఎందుకు కొట్టుకుంటున్నారు? సంతకం మీదే కదా. మార్చండి."

కొడుకు ఒక కాలికి మేజోడుతో వచ్చాడు. కార్డు చూశాడు, తల్లి మొహం చూశాడు, భార్య మొహం చూశాడు. లిఫ్టులు బాగుచేసే పని అతనిది. ఏది ఎక్కడ ఇరుక్కుందో చప్పుడు విని చెప్పేస్తాడని పేరు. ఇంట్లో మాత్రం ఎప్పుడూ రెండు అంతస్తుల మధ్య ఇరుక్కునేది తనే.

"అమ్మా, తెల్లది ఇంకోటి రాసెయ్. పోయేదేముంది?"

"రాయను."

"రాయరు," అంది కోడలు. "ఎందుకు రాస్తారు? ఏడాదంతా ఆ సిలబస్‌ని తిట్టారు. ట్రైనింగ్ నుంచి వచ్చిన రోజు ఈ బల్ల దగ్గరే కూర్చుని ఏమన్నారు? ఈ పుస్తకం రాసినవాళ్ళు పిల్లల్ని ఫోటోల్లో తప్ప చూసుండరన్నారు. ఇప్పుడు టీచరు మనవరాలికే చదువు రాలేదంటే ఊరంతా ఏమంటుంది? సిలబస్‌దే తప్పంటుంది. అదే కదా మీక్కావలసింది? దానిమీద కసి తీర్చుకోడానికి నా కూతురే దొరికిందా?"

"ఒసేయ్, ఆపు," అన్నాడు కొడుకు.

"మీరు మేజోడు వెతుక్కోండి."

టీచరమ్మకి ఒళ్ళు మండిపోయింది. "నోరు అదుపులో పెట్టుకో. ముప్పై ఏళ్ళుగా పిల్లలకి అక్షరం నేర్పుతున్నదాన్ని. చదువు సంగతి నీకేం..."

ఆమె ఆగిపోయింది.

కోడలు నవ్వింది. ఆ నవ్వు చూస్తే టీచరమ్మకి భయం వేసింది.

"పూర్తి చెయ్యండి. చదువు సంగతి నీకేం తెలుసని, అనే కదా? పోయినేడు కూడా సరిగ్గా ఈ మాటే అన్నారు. ఎప్పుడో గుర్తుందా? నాకుంది. పిట్ట బొమ్మల కథల పుస్తకం చదువుతోంది. మధ్యలో రెండు పేజీలు జిగురంటుకుని అతుక్కుపోయాయి. అది చూసుకోలేదు. అతుక్కున్న పేజీల్లో ఉన్నది కూడా గడగడా చదివేసింది. కనిపించని పేజీ ఎలా చదివింది అత్తయ్యా? ఇది చదవడం కాదు, మీ నోట విన్నది అప్పజెబుతోందని చెప్పాను. మీరేమన్నారు? దాని బుర్ర అంత చురుకు, కత్తెర పట్టుకునేదానివి నీకేం తెలుసన్నారు. ఆయన కూడా నవ్వారు."

కొడుకు తల దించుకున్నాడు.

"మీరే అంత చురుకన్న పిల్లకి ఇప్పుడు నీలం కార్డు. పైగా ఇదిగో, కారణం అని గడి ఉంది. ఖాళీ. కారణం ఉంటే రాసేవారు కదా?"

అదే సంగతి నిన్న హెడ్మిస్ట్రెస్ కూడా అడిగింది. కారణం లేకుండా కార్డు తీసుకోనని తిప్పి ఇచ్చింది. పది గంటలకి జాబితా గోడ మీద పెట్టాలి. అప్పటికల్లా నింపి తెమ్మంది. కారణం తెలియక కాదు టీచరమ్మ రాయనిది.

పరీక్ష నాడు పిట్ట కొత్త పుస్తకం తెరిచి, కుక్కపిల్ల బొమ్మ చూడగానే గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టింది. స్పష్టంగా, ఆగాల్సిన చోట ఆగుతూ, అచ్చం నానమ్మ చదివినట్టు. కథ మాత్రం ఆ పేజీలో ఉన్నది కాదు. ఇంట్లో ఉన్న పాత పుస్తకంలో కుక్కపిల్ల కథ. టీచరమ్మ అరచేత్తో బొమ్మ మూసింది. "ఇప్పుడు చదువు తల్లీ," అంది. పిట్ట పేజీ చూడలేదు. తలెత్తి నానమ్మ పెదవుల వంక చూసింది. అక్కడి నుంచి మాట వస్తుందని ఎదురుచూస్తూ కూర్చుంది.

ఆ చూపు రెండు రోజులుగా టీచరమ్మని వదల్లేదు. తను ముందు చదవడం, తరగతి అంతా వెనక పలకడం, ముప్పై ఏళ్ళు అదే పద్ధతి. నలభై గొంతులు ఒక్కసారి లేస్తే గోడలు అదిరేవి, ఆమెకి కడుపు నిండిపోయేది. ఆ నలభైలో ఎన్ని గొంతులు పేజీ చూసి పలికాయి, ఎన్ని పక్కవాళ్ళ గొంతు పట్టుకుని పలికాయి? ఏనాడూ విడదీసి వినలేదు.

"నన్నూ ఇలాగే ఆరో తరగతిలో వెనక బెంచీకి పంపారు," అంది కోడలు. గొంతులో కోపం అలాగే ఉంది గానీ కింద ఎక్కడో వణికింది. "మళ్ళీ నా వైపు చూసిన టీచరు లేదు. అది కూడా అలా అయిపోతే నేను ఊరుకోను."

"నీకెవరైనా నీలం కార్డు ఇచ్చారా?"

"అప్పట్లో కార్డులెక్కడివి?"

"మరి అదే చెబుతున్నాను. రాదని తెలిసీ ఏడో తరగతిలోకి తోసేశారు. నీకిచ్చింది తెల్ల కార్డే అమ్మాయ్. దానికి కూడా నన్ను అదే ఇమ్మంటున్నావు."

కోడలు కార్డు మీది పిట్ట ఫోటో వంక చూసింది.

టీచరమ్మ చెయ్యి చాపింది. కోడలు వెంటనే ఇవ్వలేదు. కార్డు అంచు ఇద్దరి వేళ్ళ మధ్యా ఒక క్షణం బిగిసి ఉండిపోయింది. తర్వాత వదిలింది. టీచరమ్మ బల్ల దగ్గర కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, ఖాళీ గడిలో రాయడం మొదలుపెట్టింది. గడి చిన్నది. అక్షరాలు బయటికి పాకాయి. సంతకం పక్కన తేదీ వేసి, కార్డు కోడలి వైపు తిప్పింది.

కోడలు నెమ్మదిగా, వేలు పెట్టుకుని చదివింది. గట్టిగానే చదివింది.

"బొమ్మ చూసి, విన్న కథ చెబుతుంది. అక్షరం చూసి చదవదు. ఈ సంగతి పాప తల్లి ఏడాది కిందటే కనిపెట్టి చెప్పింది. ఇంట్లో చదువు చెప్పేవారు వినలేదు."

కింద అదే చేతి సంతకం.

"ఇది హెడ్మిస్ట్రెస్ చూస్తుంది," అంది కోడలు.

"చూడనీ."

"స్టాఫ్ రూములో అందరికీ తెలుస్తుంది. నవ్వుతారు."

"నువ్వు చెప్పిన రోజు నేను నవ్వలేదూ?" టీచరమ్మ కళ్ళజోడు తీసింది. అద్దాలు తడిగా ఉన్నాయి. "ఆ రోజు నీ మాట విని ఉంటే పిల్లకి ఒక ఏడాది మిగిలేదమ్మా. నీకు చదువు లేదనుకున్నాను. ఇన్నేళ్ళు తరగతిలో నేను వినలేనిది నువ్వు మిషను ముందు కూర్చుని విన్నావు."

కోడలి కళ్ళ నుంచి నీళ్ళు జారాయి. తుడుచుకోడానికి చేతులు ఖాళీ లేవు. ఒక చేతిలో కార్డు, ఇంకో చేతిలో ఇంకా టిఫిన్ డబ్బానే. కొడుకు వచ్చి దాన్ని అందుకుని సంచీలో పెట్టాడు. అడ్డంగా పెట్టాడు. కోడలు తీసి నిలువుగా సర్దింది. కార్డు మడత పడకుండా హాజరుపట్టీలో పెట్టి, సంచీ మూసింది.

"నాకింకా కోపం పోలేదు," అంది, అటు తిరిగే.

"పోనక్కర్లేదు."

"సాయంత్రం పిట్ట చదువుకునేటప్పుడు నేనూ కూర్చుంటాను. మీరు ముందు చదివి వినిపించకూడదు. పెదవి కదిపినా ఊరుకోను."

"సరేనమ్మా," అంది టీచరమ్మ, పాఠం ఒప్పజెప్పలేక నిలబడ్డ పిల్లలా.

పిట్ట తడిసిన గౌనుతో లోపలికి వచ్చింది. తల్లి మొహం చూసి, నానమ్మ మొహం చూసి మొదటిసారిగా నోరు మూసుకుంది. తర్వాత చిన్నగా అడిగింది.

"నా రెండో జడ ఎవరు వేస్తారు?"

టీచరమ్మ దువ్వెన తీసి కోడలి చేతిలో పెట్టింది. రిబ్బను తను పట్టుకుని పక్కన నిలబడింది.

"పునాది సెక్షన్‌లో కూడా కిటికీ ఉంటుందా అమ్మా?" అన్నాడు కొడుకు, షూ లేసు కట్టుకుంటూ.

"రెండున్నాయి," అంది టీచరమ్మ.